ఉన్నదున్నట్టు

ఎమ్మే రెండో ఏడు. మంగళ, బుధవారాలు
కోసిగి హైస్కూల్లో ఫీల్డ్ వర్క్.
నాకిచ్చింది ఆటసామాను గది.
గాలిపోయిన వాలీబాళ్ళు, ఒక మూల లేని క్యారమ్ బోర్డు,
గోడకు చుట్టచుట్టి నిలబెట్టిన నెట్టు.
తలుపు మీద చాక్‌పీసుతో నేనే రాసుకున్నా,
కౌన్సెలింగ్ గది, అని.
మర్నాటికి కింద ఎవరో కలిపారు:
ఏడ్సేవాళ్ళకు మాత్రమే.
తుడవలేదు. అబద్ధమూ కాదు కదా.

కర్నూలులో నేర్పినవన్నీ నాకు బాగా వచ్చు.
కాస్త ముందుకు వంగి కూర్చోవడం,
చేతులు కట్టుకోకపోవడం,
"నీకు బాధగా ఉన్నట్టుంది" అని
అవతలివాళ్ళ మాటను వాళ్ళకే తిప్పి చూపడం.
ఒకరి ముందు ఒకరం కుర్చీలేసుకుని సాధన చేశాం.
నా జతకు వచ్చిన నాగవేణి
లేని కుక్కను చంపుకుని ఏడ్చింది, దానికి పేరు కూడా పెట్టింది.
నేను ఓదార్చాను.
ఇద్దరికీ ఏ గ్రేడు.

ఉరుకుందు మార్చిలో వచ్చాడు. ఎనిమిదో తరగతి.
హాజరుపట్టీలో వాడి వరస డిసెంబరు నుంచీ ఎర్రసిరా.
లెక్కల సారు గుమ్మం దాకా తోలుకొచ్చి,
"సుగ్గికి పోయొచ్చినప్పట్నుంచి పలకడు, చూడండి" అని
బెల్లు కొట్టారని వెళ్ళిపోయాడు.

వాడు కుడిచేయి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.
నా ఫోన్లో సెకన్లు నడుస్తున్నాయి.
మౌనాన్ని భరించాలి, అని నోట్సులో మూడుసార్లు రాసుకున్నా.
పదకొండో సెకనుకే నా గొంతులో దురద.
నలభై. యాభై రెండు.
బయట ఎవరో పిల్ల పదమూడో ఎక్కం తప్పు చదువుతోంది.

"గుంటూరు పక్క పోయింటిమి మేడం. మిరపకాయలు తెంపేకి.
మాయమ్మ కండ్లల్లో మంట అనె.
నేను తుడిస్తి.
సెయ్యి కడగలే."

అంతే. మళ్ళీ తొడ కింద చేయి.
ఆ చేయిని చూడకుండా ఉండటానికి
నేను క్యారమ్ బోర్డును చూశాను.

రాత్రి కూర్చుని రెండు గడుల కాగితం నింపాను.
ఎడమ గడిలో అతని మాట, కుడి గడిలో నాకేమనిపించిందో.
"మా అమ్మ కళ్ళు తుడిచాను. చేయి కడుక్కోలేదు."
కుడి గడిలో: అపరాధభావన. మొదటి దశ.

మెహరున్నీసా మేడం కళ్ళజోడు పైకి నెట్టి
"ఇది ఎవరి మాట?" అంది.
పిల్లోడిదే మేడం.
"వాడు 'తుడిచాను' అన్నాడా?"
'తుడిస్తి' అన్నాడు.
"మరి ఆ 'స్తి' ఎక్కడ పోయింది?"

పత్తికొండ నుంచి హాస్టలుకు వచ్చిన తొమ్మిదో తరగతిలో
"యాడికి పోతాండారు" అన్నందుకు
ఒక వార్డు మొత్తం నవ్వింది.
వారం రోజుల్లో నాలుక కడిగేసుకున్నా.
ఆమెకు ఇది చెప్పలేదు.
కుడి గడిలో రాయాల్సింది ఇదేనేమో, అదీ రాయలేదు.
"అపరాధభావన" మీద ఆమె ఎర్రగీత పెట్టింది,
పక్కన చిన్నగా: ఇది వాడు చెప్పాడా, నువ్వు చెప్పావా?
ఎమ్మిగనూరు దాటేదాకా బస్సులో ఆ గీతనే చూస్తూ కూర్చున్నా.

తర్వాతి మంగళవారం ఫోను చార్జింగు లేదు.
సెకన్లు ఎన్నో తెలీదు.
"మీరు రాసేది మాయమ్మకు సూపిస్తారా?"
"సూపీనప్పా" అన్నా.
నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో,
వాడు మొదటిసారి తలెత్తి
ఎవరిదీ గొంతు అన్నట్టు చూశాడు.

"మాయమ్మ కండ్లు బాగైనాయిలే" అన్నాడు.
కాసేపటికి, "అయినా నేను అన్నం ఎడమసేత్తో తింటాండా."

ఏమీ తిప్పి చూపలేదు నేను.
బాధగా ఉన్నట్టుందనీ అనలేదు.
వాడే లేచి, మూలనున్న బంతిని
రెండు చేతుల మధ్యా పెట్టి నొక్కాడు.
రెండు చేతుల మధ్యా.
"పంపు ఉండాదా మేడం, దీనికి గాలి కొట్టేకి?"

మూడో కాగితం, ఎడమ గడి: ఉన్నదున్నట్టు.
కుడి గడి: పంపు లేదు.
హెడ్మాస్టరును అడగాల.